చిన్నాయనకు దొరకని ప్రశ్న

ముందే చెప్పుకుంటున్నాను, గోరంతను కొండంత చేసే జబ్బు నాకుంది. సగం తీసేసి చదువుకోండి. ఈ ఉదయం మా బండల పాలిషింగు ఫ్యాక్టరీలో పనికి వచ్చిన ఒక యువకుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకుంటే, 'ఎవరోళ్ళప్పా మీరు' అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. టీతో కలిపి మింగేశాను. అట్లా మింగడం నేర్పిన రోజు గుర్తొచ్చింది.

అప్పట్లో బేతంచెర్లలో ఈ ఫ్యాక్టరీ మా చిన్నాయనది, ఆయన పక్కన కుర్చీ నింపడం నా ఉద్యోగం. లోడింగు చూసే మనిషి మానేసి పోవడంతో, లారీలు మా గేటు దగ్గర మొదలై రైల్వేస్టేషను దాటి నిలబడిపోయాయి. ఆ పనికి కమలాపురం నుంచి ఒకావిడ వచ్చింది. ఆమె కూడా పోతే ఫ్యాక్టరీకి తాళమే. చిన్నాయనకు మనిషిని పరీక్షించడమంటే వరస కలపడమే గనుక, యా ఊరు, ఎవరోళ్ళు, అమ్మగారిల్లు యాడ అంటూ ఆమె ముత్తాత మేనమామ దాకా పోయి, కులమేదో తేల్చుకొని, తిరిగొస్తూ పెండ్లయిందా, పిల్లోళ్ళెప్పుడు అన్నదగ్గర ఆగాడు.

"పనికి పిలిచినారా, పెండ్లిచూపులకు పిలిచినారా పెద్దాయనా?" అని నెమ్మదిగా అడిగి, ఆమె సంచి తీసుకొని వెళ్ళిపోయింది.

ఎవరికీ తగ్గని మనిషి చిన్నాయన. నేనే మండుటెండలో, బండల పొడిలో గేటుదాకా పరుగెత్తి, బతిమాలి తీసుకొచ్చాను.

"కూర్చో తల్లా, పని గురించే అడుగుతా" అన్నాడాయన. అన్నాడే గాని, పాపం, పని గురించి ఎవరినీ అడిగి ఎరగడు. గోడను చూశాడు, ఫ్యానును చూశాడు, బనగానపల్లె మామిడిపిందె పండయ్యేంతసేపు ఆలోచించి, "లోడింగులో బండ పగిల్తే ఏం జేస్తావు?" అన్నాడు.

"ముందు మనిషికి దెబ్బ తగిలిందేమో చూస్తా. బండ యాడికీ పోదు గదా."

చిన్నాయన వదిలిన ఊపిరికి బల్ల మీది దుమ్మంతా లేచిపోయింది. మర్నాటి నుంచి ఆమె వచ్చింది, లారీలు కదిలాయి.

ఇప్పుడు మేమెవరమూ ఇంటి సంగతులు అడగం, అడగకూడదు కూడా. వచ్చేవాళ్ళు ముత్తాతల్ని ఇంట్లోనే వదిలి హాయిగా వస్తున్నారు, నా ప్రాణమూ తేలికపడింది. ఎదుటి మనిషి ఎవరో తెలియకుండానే టీ అయిపోతోందే అన్న వెలితి మాత్రం అప్పుడప్పుడు తగులుతుంది.

లారీల వరసను మీరే తగ్గించుకోండి. పూర్తిగా అల్లింది మాత్రం ఒక్కటే, గేటుదాకా నా పరుగు. నేను కుర్చీలోంచి లేవనే లేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా గేటుదాకా పోయింది చిన్నాయనే.