ఎవరి తాళం వారిదే

నిన్న పలాసలో మా ఇంటి మీది నీళ్ళ ట్యాంకు కడుగుతుంటే అడుగున పట్టిన నాచు వాసన గుప్పున తగిలింది. వెంటనే ఎర్రయ్య మావ గుర్తొచ్చాడు. మనిషి పోయి చాలా ఏళ్ళయింది గానీ, పిలవకుండా వచ్చే అలవాటు మాత్రం పోలేదు.

ఆయనది సంతబొమ్మాళి దగ్గర సముద్రపుటొడ్డు పల్లె. వయసులో ఉండగా పరాయి రాష్ట్రంలో నది ఒడ్డున అణువిద్యుత్ కేంద్రం కడుతుంటే రాళ్ళు మోయడానికి వెళ్ళాడు. అది నడవడం మొదలుపెట్టాక నీటి కాలువల మేస్త్రీగా అక్కడే ఉండిపోయాడు. మరమ్మతులకని కేంద్రాన్ని ఆపినప్పుడల్లా మా ఉద్దానం వాళ్ళని పనికి పిలిచేవాడు. ఎనిమిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసిన నన్నూ, మా బావ సింహాచలాన్నీ అలాగే రైలెక్కించాడు. లోపల ఏం జరుగుతుందో మొదటి రోజే చెప్పాడు. అణువుల వేడికి నీళ్ళు కాగుతాయి, ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. నది నీరు వేరే గొట్టాల్లో పారి ఆ ఆవిరిని చల్లార్చి, మళ్ళీ నదిలోకే పోతుంది.

“అయితే మావా, ఇంత కోట కట్టింది నీళ్ళు మరగెట్టడానికేనేటి?” అన్నాను.

“అంతేరా. కాపోతే ఈ పొయ్యి ఆర్పీసినా ఎంటనే సల్లారదు. అందుకే నీరు ఆగకూడదు.”

అందుకని కాలువలన్నీ ఒకేసారి కాక, ఒక్కొక్కదాని తలుపు దించి, నీరు తోడి, నాచు గీకేవాళ్ళం. దిగే ప్రతి మనిషీ తలుపు మీటకి తన తాళం వేసుకోవాలి, పైకి వచ్చాక తానే తీసుకోవాలి. ఒక్క తాళం మిగిలినా తలుపు లేవదు, కాలువలోకి నీరు రాదు, ఎంత పెద్ద ఇంజినీరు చెప్పినా సరే. మాకేమో ఇంటి తాళం చెవి పక్కింట్లో పడేసి తిరిగే అలవాటు.

ఒక మధ్యాహ్నం పని ముగిసింది. బావ పైకి వచ్చి తన తాళం చెవి నా చేతిలో పెట్టాడు. “నాది కూడా తీసీరా. టీ తాగొత్తాను.” అందరూ తీసేశారు, బావ తాళమొక్కటే మిగిలింది. చెవి దూర్చబోతుంటే మావ నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఎవులదది?”

“బావది. ఆడు పైకొచ్చీసినాడు మావా, నా కళ్ళతో సూసాను.”

“ఆడి సేత్తో ఆడే తీయాల. ఎల్లి తీసుకురా.”

“పెళ్ళికొడుకేటి, మేళంతో తేవడానికి?”

మావ నవ్వలేదు. ఇంకెంతసేపని, తలుపు లేపించడానికి నిలబడ్డ ఇంజినీరు అడిగితే, “మనిసి రావాలయ్యా” అన్నాడు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

టీ దగ్గర బావ లేడు. అసలు రానేలేదన్నారు. పరుగున వచ్చి కాలువలోకి వంగి అరిచాను.

“ఏటిరా, అలగరుత్తన్నావు?” అంటూ, కింద మరిచిపోయిన తువ్వాలు భుజానేసుకుని బావ నిచ్చెనెక్కి వచ్చాడు.

మావ ఎవరినీ తిట్టలేదు. చెవి బావకిచ్చాడు. విషయం అర్థమైన బావ హడావిడిగా పొడిస్తే, చెవి తాళంలో దూరలేదు.

“నిదానంగా తియ్యిరా నాయినా. నదికేటీ తొందర్లేదు,” అన్నాడు మావ.

బావ ఇప్పుడు సోంపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్నాడు. నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ చూస్తున్నాను. పప్పు ఆరబెట్టే వేడి గదిలోకి ట్రేలు సర్దడానికి ఆడవాళ్ళు వెళ్తారు. “అందరం వచ్చీసినాం” అని కేకేస్తే నేను ఆవిరి వదలను. వరసగా నా ముందు నిలబడాల్సిందే.

“మా మొకాలు సూడకపోతే నీకు పొద్దుపోదేటి?” అంటారు.

“పోదమ్మా,” అంటాను, ఒక్కొక్కరినీ చూసుకుంటూ.