మా ఇంటిపేరు పందేనికి దిగిన వైనం

మా ఎడ్లు పందెం ఎరగవు. వేమూరు చుట్టుపక్కల బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగినా మొదటి బహుమతి మా తాతగారే ఇచ్చేవారు. ఆయన చేతిమీదుగా కప్పు అందుకోవడానికి రైతులు తలపాగా సర్దుకుని వచ్చేవారు. మా కొట్టంలోని జత మాత్రం ఎన్నడూ బరిలోకి దిగలేదు. దిగితే గెలవాలి, గెలవకపోతే ఊరంతా చూస్తుంది. ఇచ్చే చెయ్యి పుచ్చుకోవడానికి చాచకూడదని తాతగారి మాట. పొలాలు పోయి, కారు పోయి, తెనాలిలో రెండు గదుల అద్దె పోర్షన్‌లోకి చేరినప్పుడు ఆ మాట కూడా మాతో వచ్చింది. ఆయన టేకు బల్ల కూడా వచ్చింది.

ఆ బల్ల అంచుకు నేను కంప్యూటరులో కార్ల పందెం ఆడే స్టీరింగు బిగించాను. ఎవరో వాడి వదిలేసిన సరుకు. కింద కాళ్ళకు రెండు పెడల్స్, ఎదురుగా తెరమీద రోడ్డు, వెనక వచ్చేవాళ్ళను చూపే అద్దం. చూసినవాళ్ళు పిల్లల ఆట అనుకునేవారు. కానీ అందులో బ్రేకు గజం దూరం ఆలస్యమైతే మలుపు తప్పిపోతుంది. టైర్లు వేడెక్కకముందే తొందరపడితే కారు గిర్రున తిరిగి వచ్చిన దారికేసి చూస్తుంది. నాకు నడిపే వయసు వచ్చేసరికి తాతగారి కారు మా ఇంట్లో లేదు. ఆ లోటు ఈ బల్ల ముందు తీర్చుకున్నాను.

రేపల్లెలో ఒక కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. సాయంత్రం పాసింజరు దిగి ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చునేవాణ్ణి. రోజూ అదే ట్రాకు, అదే కారు, నేనొక్కణ్ణే. చుట్టు పూర్తయ్యేసరికి పైన అంకెలు పడేవి. నిన్నటికంటే పావు సెకను తగ్గితే ఆ రాత్రి అన్నం రుచిగా ఉండేది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఎక్కడిదాకా వెళ్ళారు? వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి" అనేది.

ఈ వ్యవహారంలో నాకు తోడు ఒక్కడే, కార్లకు సీటు కవర్లు కుట్టే భాయ్. వాళ్ళ నాన్న మా తాతగారి కారు సీట్లు కుట్టాడు కనుక నన్ను బాబుగారూ అని పిలిచేవాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు. నున్నటి గచ్చుమీద బ్రేకు నొక్కినప్పుడల్లా పెడల్స్ ముందుకు జారిపోతుంటే, వాటిని చెక్క పలకకు బిగించి, పలక అడుగున లారీ ట్యూబు రబ్బరు అతికించి తెచ్చాడు. స్టీరింగుకు నల్లతోలు కుట్టాడు. ఆ కుట్టు కంటికి కనిపిస్తుంది గాని వేలికి తగలదు. శుక్రవారం అతని దుకాణానికి సెలవు. నేను రైలు దిగి వచ్చేసరికి మా వరండాలో టీ తాగుతూ ఉండేవాడు. ఇద్దరం వంతులవారీగా నడిపేవాళ్ళం. చుట్టుకు నాకంటే రెండు సెకన్లు ఎక్కువ తీసుకునేవాడు. ఆ సంగతి అతనికి గుర్తు ఉండేదో లేదో గాని, నాకు ఎప్పుడూ గుర్తు ఉండేది.

ఇంటికి బ్రాడ్‌బ్యాండు వచ్చాక అతని పోరు మొదలైంది. "ఒక్కరే ఎంతకాలం తిరుగుతారండి? పదిమందితో కలిసి దిగాలి." సరే చూద్దామని ఒక శుక్రవారం నెట్టులో పందేనికి దిగాను. మొదటి మలుపులోనే వెనకనుంచి ఎవడో గుద్దాడు. నా కారు గడ్డిలోకి పోయింది. నేను బ్రేకు నొక్కి పట్టుకుని అక్కడే ఉన్నాను. మిగతా కార్లన్నీ పక్కనుంచి వెళ్ళిపోయాయి.

"ఏంటండి, ఆగిపోయారు?" అన్నాడు భాయ్.

"గుద్దినవాడు రావాలి కదా."

"ఎందుకండి?"

"తప్పయిందని చెప్పడానికి."

అతను టీ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. "బాబుగారూ, వాడు రెండో చుట్టులో ఉన్నాడండి."

నేను హాస్యానికి అనలేదు. కాలవకట్ట మీద రెండు బండ్లు రాసుకుంటే ఇద్దరూ దిగి, నాలుగు మాటలనుకుని, ఒకరు తగ్గాక కదలడం నేను చూసి పెరిగిన పద్ధతి. మా కారు రాసుకుంటే తగ్గేది ఎప్పుడూ అవతలివాళ్ళే. ఆ రోజు ఎవరూ రాలేదు. కంప్యూటరు కట్టేశాను.

ఆ తర్వాత రెండేళ్ళపాటు నా దగ్గర కారణాలకు కొరత లేదు. లైను నెమ్మది, ఎదుటి కారు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతుంది. కరెంటు ఎప్పుడు తీసేస్తారో తెలియదు. గంటసేపు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపినదాన్ని ఒక తుంటరి ఒక్క క్షణంలో పాడుచేస్తాడు. ఒంటరిగా నేర్చుకున్న దారి పదిమంది మధ్య దొరకదు, దానిమీద ఎవరో ఒకరు ముందే ఉంటారు. అదే కంప్యూటరు తనంతట తాను నడిపే కార్లయితే మర్యాద తెలిసినవి, నన్ను చూడగానే పక్కకు ఒదుగుతాయి. ఇవేవీ అబద్ధాలు కావు. మనిషి నిజంగా పోటీపడవలసింది గడియారంతోనే అని కూడా అనేవాణ్ణి. ఆ మాట నాకిప్పటికీ ఇష్టమే. భాయ్ అన్నీ విని "అవునండి" అనేవాడు.

మా ఆవిడ మాత్రం ఒకసారి బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది. "గడియారమైతే బయట ఎవరికీ చెప్పదుగా."

అసలు సంగతి అదే. పందెం ముగిశాక తెరమీద పేర్లు పైనుంచి కిందికి పడతాయి. ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారు. ఆ వరసలో అడుగున మా ఇంటిపేరు ఉండటం నేను ఊహించుకోలేకపోయాను.

ఇలా ఉండగా భాయ్ సీట్లు బిగించడానికి బాపట్ల వెళ్ళి, అక్కడ ఇదే పిచ్చి ఉన్న ఇంజనీరింగు విద్యార్థులను కనిపెట్టాడు. వాళ్ళు దేశంలో తమలాంటివాళ్ళను పోగుచేసి నెట్టులో పందెం పెడుతున్నారట. శుక్రవారం వచ్చి చెప్పినప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది.

"జంటలుగా దిగాలంటండి. సగం మీరు, సగం నేను. మధ్యలో పెట్రోలుకు కారు ఆగినప్పుడు మనం కుర్చీ మారితే చాలు. నెలాఖరులోగా పేర్లివ్వాలి."

అతనికి సొంత కంప్యూటరు లేదు. నేను కాదంటే అతనికి పందెం లేదు. రెండేళ్ళనుంచి నేను ఎప్పుడు ఊ అంటానా అని చూస్తున్నాడని తెలుసు. నాకు జాలి కలిగింది. జాలితోనే అన్నాను.

"నడుపుతాను భాయ్. కానీ నా పేరు వద్దు. నీ పేరు, మీ తమ్ముడి పేరు ఇవ్వు."

"మా తమ్ముడికి సైకిలు కూడా సరిగ్గా రాదండి. ఎందుకు?"

"ఎన్నోవాళ్ళుగా వస్తామో ఏమో."

అతను కొంచెంసేపు స్టీరింగు మీది కుట్టును చూశాడు. "అంటే, అడుగున పడితే మా పేరు పడాలా అండి?"

నేను పెడల్స్ పలకను కాలితో సర్దాను.

"మా నాన్న కూడా చాలామందిని అడిగే నాకు పేరు పెట్టాడు, బాబుగారూ." గొంతు పెంచలేదు. మా ఆవిడకు వెళ్ళొస్తానమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. గ్లాసులో టీ సగం ఉంది.

తర్వాతి శుక్రవారం రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. ఆ రోజు నా చుట్టు సమయం మునుపెన్నడూ లేనంత తగ్గింది. వెనక్కి తిరిగితే చెప్పడానికి ఎవరూ లేరు. మా ఆవిడ అలవాటుగా రెండు గ్లాసుల టీ తెచ్చి, ఒకటి వెనక్కి తీసుకెళ్తూ, "ఆ పేరు కలరా ఉండలు వేసి బీరువాలో దాచుకోండి" అంది.

మర్నాడు రైలు దిగి తిన్నగా దుకాణానికి వెళ్ళాను. మా వంశంలో ఎవరైనా ఆ దుకాణం గడప తొక్కారేమో తెలియదు, కారే వెళ్ళేది. లోపల ముగ్గురు గిరాకీలున్నారు. భాయ్ మిషను మీద రెక్సిన్ కుడుతున్నాడు. చూసి స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు.

"భాయ్, ముందు నీ పేరు రాయించు. దానికింద నాది, ఇంటిపేరుతో సహా. ఆ రోజు నేనన్నది తప్పు."

మిషను ఆగింది. గిరాకీలు నావైపు చూశారు. అతను దారం పంటితో తెంపి, "మీ ఇంటిపేరు పొడుగు కదండి, వాళ్ళ గడిలో పడుతుందో లేదో" అన్నాడు.

"ఏం పందెమండి?" అన్నాడు గిరాకీల్లో ఒకాయన.

"కార్ల పందెం."

"కారు ఎక్కడుందండి?"

"బాబుగారి బల్లమీద ఉంది" అన్నాడు భాయ్. అప్పుడు నవ్వాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

వారం రోజులు కుర్చీ మారడం సాధన చేశాం. నావి పొడుగు కాళ్ళు, అతనివి పొట్టివి. నేను లేస్తూ పెడల్స్ పలకను వెనక్కి తన్నాలి, అతను కూర్చుంటూ దాన్ని పాదంతో ఆపాలి. మా ఆవిడ వంటింటి గుమ్మంలో చేతిగడియారం పట్టుకుని నిలబడేది. "పదిహేడు సెకన్లు. ఈలోపు నేను పప్పు తిరగమోత పెట్టేస్తాను" అనేది. ఆఖరికి తొమ్మిదికి తెచ్చాం.

ఆదివారం మధ్యాహ్నం పందెం. కరెంటు పోతే ఉండాలని భాయ్ రిక్షాలో ఇన్వర్టరు తెచ్చాడు. మొదటి సగం నాది. నాలుగో చుట్టులో వెనకనుంచి దెబ్బ తగిలింది. కారు అడ్డం తిరిగింది. నా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది.

"ఆగకండి, పోనివ్వండి" అన్నాడు భాయ్ పక్కనుంచి. "సారీ అని రాశాడండి. కింద మూల."

చూశాను. తెర కింద సన్నటి అక్షరాల్లో ఉంది. అక్కడ మాటలు పడతాయని నాకు అంతవరకు తెలియదు. "ఫర్వాలేదని రాయి" అన్నాను. అతను ఒంటి వేలితో వెతుక్కుంటూ రాశాడు. నేను కారు తిప్పుకుని కదిలాను. ఇంకాసేపటికి ముందున్నవాళ్ళు చుట్టు తిరిగి వచ్చి మా వెనక చేరారు. అద్దంలో చూసి, మలుపు దాటాక పక్కకు ఒదిగాను. వెళ్ళేవాడు థాంక్స్ రాశాడు. ఇంకొకడికీ దారిచ్చాను. అంత కష్టమనిపించలేదు.

కుర్చీ ఎనిమిది సెకన్లలో మారాం. ఆ తర్వాత అరగంట నేను నిలబడే ఉన్నాను. "బ్రేకు, ఇప్పుడు బ్రేకు" అంటూనే ఉన్నాను. అతను నాకంటే చుట్టుకు రెండు సెకన్లు నెమ్మదే. ఒక్కణ్ణి దాటినప్పుడు మాత్రం నేను బల్లను గట్టిగా చరిచానని మా ఆవిడ అంటుంది.

పేర్లు పడ్డాయి. పదమూడు జంటలు. పదకొండో వరసలో అతని పేరు, దాని పక్కన మా ఇంటిపేరు, పూర్తిగా.

"పదకొండు" అన్నాను. "మనకింద రెండు జంటలున్నాయి భాయ్."

"ఉన్నాయండి."

"ఎవరు వాళ్ళు?"

అతను స్టీరింగు తుడుస్తున్నాడు. "ఒకళ్ళకి మొదట్లోనే కరెంటు పోయిందండి. రెండోవాళ్ళు అసలు రాలేదు."

"అంటే మనమే ఆఖరు."

"మీరు సంతోషంగా ఉన్నారని చెప్పలేదండి."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, మా పైన పదో వరసలో ఉన్న జంట చుట్టు సమయాలు చూపించమన్నాను. పందెం మొత్తంమీద మాకంటే వాళ్ళు అరసెకనే ముందున్నారు. ఆ అరసెకను ఎవరి సగంలో పోయిందన్నదానిమీద దీపాలు పెట్టేవేళ దాకా వాదించుకున్నాం.