వాహెద్ రాసిపెట్టిన కవరు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. రసాయనశాస్త్రం బోధించేవాడిని, కొలవగలిగినదే రాస్తాను. అందుకే విన్నమాటను ముందే పక్కన పెడుతున్నాను. వాహెద్ పోయాక కూడా ల్యాబ్‌లో కీబోర్డు చప్పుడైందని అటెండరు అన్నాడు. నేను వినలేదు. కింద రాసేదంతా నా కళ్ళ ముందు జరిగింది.

తొంభైల మధ్యలో నల్లగొండలోని ఒక కాలేజీలో నేనూ, నా సహాధ్యాపకుడు వాహెదూ, రామన్నపేట వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ పరీక్షించేవాళ్లం. సీసాల మీద ఊరి పేరుండదు, అంకె మాత్రమే. ఏది ఎవరి బోరో తెలిస్తే పరీక్షించేవాడి చెయ్యి ఒకవైపు మొగ్గుతుందని వాహెద్ పట్టుదల. ఏ అంకె ఏ బోరుదో చెప్పే జాబితా కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉండేది. సాయంత్రం ఒక ప్రోగ్రాంలో పాస్‌వర్డ్ ఇచ్చి వాహెద్ దానికి తాళం వేసి, పొద్దున తీసేవాడు. ఆ పాస్‌వర్డ్‌ను అతనే కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించాడు; అతుకు మీద ఇద్దరం సంతకాలు చేసి బీరువాలో పెట్టాం. అదేమిటో నాకు తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం జ్వరంతో, ఫోల్డర్ తెరిచి ఉండగానే, వాహెద్ దవాఖానకు వెళ్ళాడు. తిరిగి రాలేదు.

చివరి విడత నలభై సీసాలకు అంకెలు నేనే వేసి, జాబితాలో ఎక్కించి, మా నియమం ప్రకారం ఊరి పేర్లున్న చిట్టీలు చింపేశాను. పరీక్ష మరొకరికి అప్పగించాను. ఫోల్డర్‌కు నా సొంత పాస్‌వర్డ్‌తో తాళం వేశాను. రెండుసార్లు కొట్టాను, డైరీలో రాసుకున్నాను.

పది రోజులకు ఫలితాలు వచ్చాయి. మూడు అంకెల నీళ్లు తాగడానికి పనికిరావు. అదే రోజు వాహెద్ భార్య సలీమా భాభీ వచ్చింది. ఆమె టీచరు. ఆమె బడి బోరు ఆ నలభైలో ఉంది; దాని అంకె ఏదో జాబితాలోనే చూడాలి.

నా పాస్‌వర్డ్ పట్టలేదు. డైరీ పక్కన పెట్టుకొని, ఒక్కో అక్షరం సరిచూస్తూ పదకొండుసార్లు కొట్టాను. తప్పు అనే చూపింది. మళ్ళీ నీళ్లు తెచ్చి పరీక్షించాలంటే ఇంకో పది రోజులు.

“ఆయన కవరున్నది కద సార్,” అంది భాభీ.

“అది పాత తాళానిది భాభీ. దీనికి పట్టదు.”

“పట్టకుంటె పోయేదేముంది? జర కొట్టి చూడుండ్రి. రేపు పొద్దుగాల పిల్లలకు ఏ నీళ్లు తాపమంటరు?”

సంతకాలు పరిశీలించాను. అతుకు చెదరలేదు. కవరు చించాను. లోపలి పదంలో నా పాస్‌వర్డ్‌తో కలిసేది ఏదీ లేదు. కొట్టాను.

ఫోల్డర్ తెరుచుకుంది. వాహెద్ పోయాక నేను ఎక్కించిన నలభై వరుసలూ అందులో ఉన్నాయి. బడి బోరు ఆ మూడింటిలో ఒకటి.

భాభీ తెరను రెండుసార్లు చదివింది. “ఇయ్యాలనే పంపుకు గొలుసు ఏపిస్త,” అంది.

ప్రోగ్రాం పాత పదాన్ని గుర్తుంచుకుందేమోనని తర్వాత వేరే ఫోల్డర్లతో ఎన్నోసార్లు పరీక్షించాను. ఒక్కసారీ అలా జరగలేదు. అతను బతికుండగా రాసిన పదం, అతను పోయాక నేను వేసిన తాళానికి ఎలా పట్టింది? జవాబు లేదు, ఇక దొరకదు కూడా. తెరుచుకోగానే తాళం వేసిన రూపం డిస్కులో చెరిగిపోతుంది. కవరులోని పదం కొట్టే ముందు ఒక నకలు తీసి ఉంటే ఈరోజుకీ పరీక్షించగలిగేవాడిని. నమూనాలో సగం దాచిపెట్టండని విద్యార్థులకు ఏటా చెప్పేవాడిని నేను.

ఆరోజు ఖాళీ ఫ్లాపీ టేబుల్ మీదే ఉంది. కానీ భాభీ గుమ్మంలో నిలబడి రామన్నపేట బస్సు టైము చూసుకుంటోంది.