ఎమ్మిగనూరుకు వచ్చిన సముద్రపు చేప

మా మామకు సముద్రం చూడాలని చచ్చేంత ఆశ. నూలు కొనడానికి ఆదోని దాకా పోవడం తప్ప బతుకంతా మగ్గం గుంటలోనే గడిపిన మనిషి. తీరిక దొరికేసరికి మోకాళ్లు మూలపడ్డాయి. రైల్వేలో పనిచేసే మా మరిది ఒక వేసవిలో మద్రాసు నుంచి సముద్రాన్నే ఇంటికి తెచ్చాడు. అంటే, గాజు జాడీ నిండా సముద్రపు నీళ్లు, అందులో ఒక చారల చేప. ఆదోనిలో రైలు దిగి, బస్సులో ఆ జాడీని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడట.

"నీళ్లు తగ్గితే మంచినీళ్లే పోయల్ల మా. చేపను అమ్మినాయప్ప మరీమరీ సెప్పినాడు" అని వాళ్లమ్మకు అప్పగించి డ్యూటీకి పోయాడు.

ఎవరికి చెప్పాడు! మా అత్తకు! వీధిలో ఎవరు మామిడికాయ ఊరగాయ పెట్టినా ఉప్పు దగ్గర ఆమె చేయి పడాల్సిందే. కొలతా లేదు, తూకమూ లేదు, నాలిక మీద ఒక చుక్క వేసుకుంటే చాలు. పప్పులో ఉప్పు వేసే అధికారం ఇంటి కోడలినైన నాకే ఇవ్వలేదు. అలాంటి మనిషికి ఉప్పునీళ్ల పాఠమా?

"ఉప్పునీళ్లల్ల పచ్చినీళ్లు పోస్తారా యాడన్నా? బూజు పడతాది!" అంది.

మా ఎండలకు జాడీలో నీళ్లు కళ్లముందే దిగిపోయేవి. అత్త నీళ్లు కాచి, చల్లార్చి, రాళ్ల ఉప్పు కరిగించేది. జాడీలోది ఒక చుక్క, తనది ఒక చుక్క నాలిక మీద వేసుకుని, రెండూ ఒకటేనని తేలాకే పోసేది. చేప ఈదిన నీళ్లు!

"మరిది మంచినీళ్లని కదత్తా సెప్పింది?" అన్నాను.

"వానికి రైలు తెలుసు, ఉప్పు నాకు తెలుసు. నువ్వు పోయి నూలు కండెలు సుట్టుపో."

నిజం చెప్పాలి, ఆమె నాలిక ఒక్కసారీ తప్పలేదు. చేపకు ముంచుకొచ్చిన చావు అదే. ఎండ నీళ్లను తాగి ఉప్పును జాడీలోనే వదిలేస్తుంది. ఈమె ఆ ముదిరిన ఉప్పుకు సరిజోడుగా ఇంకాస్త ఉప్పు పోస్తుంది. సముద్రంలో పుట్టిన చేపను మేము ఇంట్లో ఊరబెట్టాం.

మామ జాడీ ముందు కూర్చుంటే అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు. "నా మొగం ఎప్పుడన్నా అట్ల సూసినాడా ఈ మనిషి?" అని అత్త గొణిగేది. గొణుగుతూనే, చేపకు వేడి చేస్తుందని మధ్యాహ్నం జాడీకి తడిగుడ్డ చుట్టేది.

ఒక పొద్దున చేప వెల్లకిలా తేలింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు కదా, అదే నా చేతిలో పోయుంటే వీధంతా పంచాయితీ జరిగేది. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త ఆ నీళ్లు మళ్లీ నాలిక మీద వేసుకుంది.

"సరిగ్గానే ఉండాది కదమ్మీ..." అంది నాతో. ఆ గొంతు వినేసరికి ఇన్నాళ్ల నా కోపం ఎటు పోయిందో పోయింది.

తర్వాత కొన్నాళ్లకు పక్కింటామె మామిడికాయలు కోసిపెట్టి పిలవడానికి వచ్చింది. అత్త గడప దాటలేదు.

"నా చేతిలో ఉప్పు సచ్చిపోయింది మా. ఇంకెవురినన్నా పిల్సుకోండి."

వచ్చినామె నోరు తెరుచుకుని నిలబడింది. అంతలో లోపలి నుంచి మామ అరిచాడు. చేప పోయాక ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"పోవే! సముద్రంలో పుట్టిన చేపకు ఉప్పు సంగతి ఏం తెలుస్తాది, నీ చేతికి వంక పెట్టేదానికి!"

అత్త కొంగుతో కళ్లొత్తుకుని, గుడ్లప్పగించి చూస్తున్నందుకు నన్ను నాలుగు తిట్టి, చేతులు కడుక్కోవడానికి పోయింది.