ఎండ తినేసిన ఎరుపు

పెళ్లికి ముందు, ఎనభైల్లో, గుంటూరు బ్రాడీపేటలో ఓ చిన్న ప్రెస్సులో పనిచేసేదాన్ని. పురుగుమందు డబ్బాలకు వేడితో అంటించే లేబుళ్లు అచ్చేసేవాళ్లం. ఎర్ర గుర్తుంటే అన్నిటికన్నా ఘోరమైన విషం. పసుపైతే ఒక మెట్టు తక్కువ. చదువురాని రైతుకు ఆ రంగే అక్షరం.

ఒకసారి ఎర్రరంగు అయిపోయింది. సరుకేమో సాయంత్రానికల్లా ఇవ్వాలి.

"పూలబొమ్మలకు వేసినట్టే ముదురు గులాబీ చుక్కల మీద పసుపు చుక్కలు వేద్దామండీ. చూసేవాళ్లకు ఎరుపే," అన్నాను. నా తెలివికి ఓనరుగారు మురిసిపోయారు.

రెండు నెలలకు చిలకలూరిపేట దగ్గర అక్కావాళ్ల ఊరెళ్లాను. పత్తిచేలో బావ చెయ్యి మోచేతిదాకా బకెట్లో ముంచి మందు కలుపుతున్నాడు. గట్టు మీద డబ్బా. మందు పేరు చూస్తే ఆ రోజు మేం అచ్చేసిందే. కానీ గుర్తు పసుపుగా ఉంది. గులాబీని ఎండ తినేసింది.

"బావా, చెయ్యి తియ్యి! అది ఎర్రమందు!"

"నీకు కళ్లు కనపడట్లేదా? పసుపేగా. ఎర్రదైతే కర్రతో కలపనూ?" అని నవ్వుతూ నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆ చెమట ఇక ఆగలేదు.

ఎడ్లబండిలో ఆస్పత్రికి చేర్చేసరికి మాట పడిపోయింది. నాలుగోరోజు కళ్లు తెరిచాడు. "నువ్వు చూడబట్టి బతికాడే," అంటూ అక్క నా చేతులు కళ్లకద్దుకుంది. ఆ చేతుల పనేనని చెప్పలేకపోయాను.

మిగతా డబ్బాలు ఏ గట్ల మీద ఎండాయో నాకు తెలియదు.

నేనిది రాసి పంపుతున్న ఈ పత్రికను అక్క ప్రతివారం చదువుతుంది.