బాలప్ప పట్టుకున్న బర్రె

కానిస్టేబుల్ బాలప్పది పాలమూరు జిల్లాలో నారాయణపేట దగ్గర ఒక చిన్న పల్లె. పశువుల వెంట తిరగడం ఇష్టం లేకనే ఇరవై రెండేళ్ళ వయసులో పట్నం వచ్చి పోలీసుల్లో చేరాడు. దొంగలను పట్టుకుంటాననుకున్నాడు. కానీ కొత్తలోనే ఒకసారి, బస్సుకు అడ్డంగా నిలబడ్డ ఎద్దును ముక్కుతాడు పట్టి నెమ్మదిగా పక్కకు తప్పించడం పై అధికారి కంటబడింది. ఆ రోజు నుంచి నారాయణగూడ మొదలు అశోక్‌నగర్ దాకా రోడ్డెక్కిన ప్రతి గొడ్డూ బాలప్ప పాలే అయింది. ఇప్పుడు యాభై దాటినా ఆ పని ఆయన్ని వదల్లేదు.

1996 వానాకాలంలో ఒక ఉదయం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నడిమధ్యన ఒక బర్రె పడుకుంది. ఎన్ని హారన్లు కొట్టినా కదల్లేదు. బాలప్ప వెళ్ళి, వీపు నిమిరి, నాలుక చప్పరిస్తూ అదిలించి లేపాడు. మెడకు తాడు వేసి ఠాణా వెనక వేపచెట్టుకు కట్టేశాడు.

మామూలుగా ఇలాంటి వాటికోసం ఎవరూ రారు. జుర్మానా పడుతుందని, కళ్ళెదుటే ఉన్నా మాది కాదంటారు. ఆ రోజు మాత్రం గంటలోపే ఇద్దరు వచ్చారు.

మొదట వచ్చింది ఆశమ్మ. అశోక్‌నగర్ నాలా పక్కన గుడిసెలో ఉంటూ పాలు అమ్ముకుంటుంది.

"ఇది నా లచ్చిమి, సారు. ఎడమ కొమ్ము కిందికి ఒంగి ఉంటది, చూడు."

ఆమె మాట పూర్తికాకముందే నారాయణగూడ గల్లీలో కొట్టం ఉన్న ఎంకయ్య రొప్పుతూ వచ్చాడు.

"పెద్దవాన పడ్డ దినం తాడు తెంపుకొని పోయింది సారు. మూడు వారాల సంది దేవులాడుతున్న. నా గౌరే ఇది! దీని కొమ్ము గూడ అట్లనే ఒంగి ఉంటది!"

ఆశమ్మ "లచ్చిమీ" అని పిలిచింది. బర్రె తల తిప్పింది. ఎంకయ్య "గౌరీ" అన్నాడు. మళ్ళీ తల తిప్పింది. బాలప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరి ముఖాల్లోనూ అబద్ధం కనిపించలేదు.

"సాయంత్రం లోపల తేల్చు. లేకుంటే బందెలదొడ్డికి తోలు," అని ఎస్సై జీపెక్కి వెళ్ళిపోయాడు.

బాలప్ప తాడు విప్పాడు. "దాని ఇల్లు దానికి తెలుస్తది. ఎటు పోతదో పోనీయుండ్రి," అన్నాడు.

బర్రె ముందు, ముగ్గురూ వెనక. అది అశోక్‌నగర్ వైపు మళ్ళగానే ఆశమ్మ ముఖం వెలిగింది. కానీ నాలా దాకా పోలేదు. ఒక పచ్చగేటు ముందు ఆగి కొమ్ముతో తట్టింది. రిటైరైన టీచరు విద్యావతి కూరగాయల తొక్కలు వేసిన బకెట్టుతో బయటికి వచ్చింది.

"వచ్చినవా తల్లీ? ఈయాల లేటయింది," అంది బర్రెతో. తర్వాత యూనిఫాం చూసి కంగారు పడింది.

"అమ్మా, బర్రె మీదా?" అడిగాడు బాలప్ప.

"నాకు బర్రె ఎందుకయ్యా? మూడు వారాలాయె, రోజూ వస్తుంది. ఆకలని పెడుతున్న. తప్పా?"

"మూడు వారాలేనా? అంతకు ముందు?"

"అంతకు ముందు ఎన్నడూ చూడలే."

ఎంకయ్య బర్రె తప్పిపోయిందీ మూడు వారాల కిందటే. బాలప్ప ఆశమ్మ వైపు తిరిగాడు. ఆమె గేటు పట్టుకుని నిలబడి ఉంది. బర్రె వీపు మీద చెయ్యేసి చెప్పింది.

"ఆ వానకే నాది గూడ పోయింది సారు. రెండో దినం ఇది వచ్చి నిలబడ్డది. నాదే మర్లొచ్చిందనుకున్న. ఇంట్ల ఉన్న లచ్చిమి దుడ్డె, పాలు తాగే దూడ, మొదలు దీని దగ్గరికి పోలే. వానకు బెదిరిందనుకున్న. మూడో దినం తాగింది. మొదలు దగ్గరికి పోనప్పుడే ఎరుక కావాల్సింది నాకు."

అడగకుండానే తనకు వ్యతిరేకంగా చెప్పుకున్న మనిషిని బాలప్ప తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. గెలిచిన ఎంకయ్యకే ఏం చేయాలో తెలియలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"నా దాని దూడ ఎండకాలంలనే సచ్చిపోయింది," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు నేను తోలుకపోతే నీ దుడ్డె గతేందక్కా? అది గడ్డి పట్టేదాంక నీ కాడనే ఉండనీ. పొద్దుగాల్ల వచ్చి సగం పాలు పట్కపోత."

ఠాణాకు వచ్చి బాలప్ప రిజిస్టరు తెరిచాడు. యజమాని పేరుకు ఒకటే గడి ఉంది. ఇద్దరి పేర్లూ ఇరికించి రాశాడు. ఎస్సై చదివి, "ఇంతకీ ఎవరిదయ్యా?" అన్నాడు. బాలప్ప రిజిస్టరు మూసి అలమరలో పెట్టాడు.

మరి ఆశమ్మ బర్రె ఏమైంది? ఆ ప్రశ్న ఆయన్ని నిలవనీయలేదు. డ్యూటీ దిగాక బర్కత్‌పుర, విద్యానగర్ గల్లీలన్నీ సైకిలు మీద తిరిగాడు. వారం తర్వాత అంబర్‌పేట్ అవతల ఒక బందెలదొడ్డిలో, ఎవరూ విడిపించుకోని బర్రెల్లో ఒకదాని కొమ్ము అలాగే ఒంగి కనిపించింది. మరునాడే ఆశమ్మను బస్సులో తీసుకుపోయాడు.

ఆమె చుట్టూ తిరిగింది. పొదుగు చూసింది, చెవులు తడిమింది. "లచ్చిమీ" అని పిలిస్తే దొడ్డిలో నాలుగు బర్రెలు తలెత్తాయి.

"ఇదేనా?" అన్నాడు బాలప్ప.

"ఇదే అనిపిస్తుంది. కాదనీ అనిపిస్తుంది. నాది ఇంత బక్కగ లేకుండె సారు."

"దుడ్డెను పట్టుకొచ్చి చూద్దామా?"

"అదిప్పుడు దేని దగ్గరన్నా తాగుతది." ఆశమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒక్కపారి తప్పు చెప్పిన. మల్ల నాదే అంటే, ఇంకోలు ఏడ్సుకుంట వస్తరేమో."

తీసుకోమని చెప్పాలో, వద్దనాలో బాలప్పకు తెలియలేదు.  ఎండెక్కాక ఆశమ్మ వంగి, నేల మీద పడ్డ గడ్డిపరకలు ఏరి ఆ బర్రె ముందు వేసింది. అది తినడం చూసి, "ఈడనే ఉండనీ. పోదాం సారు," అంది.