కాజా చివరి ముడి

"లోపలికి పో, కూర మాడుతున్నది."

"పొయ్యే అంటియ్యలే, కూరేడికెల్లి మాడుతది?"

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. వాకిట్లో ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. ఒకాయన చేతిలో ఆకుపచ్చ అంగీ ఉంది. నా చేతిలో సూది ఉంది. నా మొగుడు నన్ను లోపలికి ఎందుకు పొమ్మంటున్నాడో అర్థం కాక ఎదురు మాట్లాడాను. ఆయన నన్ను ఒక్కసారి చూసి, మళ్ళీ వాళ్ళ వైపు తిరిగాడు.

నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తున్నది. నాకు నా పేరు రాయడం వచ్చు, అంతకు మించి రాదు.

నేను పుట్టింది సిరిసిల్లలో, మగ్గం ఇంట్లో. జడ వేసుకోవడం రాకముందే నూలు కండెలు చుట్టడం, తెగిన పోగు అతకడం వచ్చాయి. కోరుట్లలో ఒక దర్జీకి ఇచ్చి చేశారు. ఆయనకు అప్పటికి సొంత మిషను లేదు, ఇంకొకరి దుకాణంలో కూర్చుని కుట్టేవాడు. చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్ళకు సర్కారు సామాను ఇస్తున్నదని విని, మండలాఫీసు చుట్టూ ఒక ఎండాకాలమంతా తిరిగాడు. మిషను వచ్చిన రోజు దాన్ని రిక్షాలో పెట్టి, తాను చెయ్యి ఆనించి పక్కన నడుచుకుంటూ వచ్చాడు. దాని మీద తెల్ల రంగుతో ఆఫీసు నంబరు వేసి ఉంది. నూనె గుడ్డతో తుడిచేటప్పుడు ఆ నంబరును మాత్రం ముట్టేవాడు కాదు.

మిషను మా దగ్గరే ఉందా, అమ్ముకున్నామా అని చూడడానికి ఆఫీసు నుంచి ఒక గుమస్తా వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక ప్యాంటు వెంట తెచ్చుకునేవాడు.

"నడుం కాడ జర వదులు చెయ్యి, పడ్తలేదు" అనేవాడు.

"సర్కారు మాకు మిషనే ఇచ్చింది గని మీకు బువ్వ మంచిగ పెడ్తున్నట్టుంది సార్" అనేవాడు మా ఆయన. గుమస్తా కోపం తెచ్చుకునేవాడు కాదు, పొట్ట నిమురుకుంటూ నవ్వేవాడు.

మిషను పని మొగుడిది, చేతి పని నాది. అంచులు మడవడం, గుండీలు పెట్టడం, గుండీ దూరే కాజాలు కుట్టడం. కాజా అయిపోయాక దర్జీలు దారాన్ని కుట్ల కిందికి తోసి తెంపుతారు. నేను తెంపే ముందు ఒక ముడి వేసేదాన్ని. మగ్గం మీద పోగు తెగితే మా పుట్టింట్లో వేసే ముడి అది. వెయ్యాలని వేసింది కాదు, చెయ్యి దానంతట అదే వేసేది.

"గుండీ ఊడుతది గని నీ కాజా ఊడది" అని ఆయన మురిసిపోయేవాడు.

ఆ రోజుల్లో అడవి దిక్కు ఊళ్ళలో అన్నలు తిరిగేవాళ్ళు. వాళ్ళ కోసం పోలీసులు తిరిగేవాళ్ళు. అన్నలు తొడుక్కునే ఆకుపచ్చ గుడ్డ తెస్తే చాలు, దర్జీలు భయపడి చేతిలో పని చాలా ఉందని పంపించేవాళ్ళు. ఒకనాడు మా ఆయన అట్లాంటి అంగీలు మూడు తెచ్చి నా ఒళ్ళో వేశాడు.

"ఎవలియి?"

"జంగ్లాతోళ్ళయి."

"అడివి కాసేటోళ్ళకు గిన్ని జేబులెందుకు?"

"చెట్లు జేబుల పెట్టుకపోతరేమో. కుట్టరాదే!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఎవరివో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కాజాలు కుట్టి ఇచ్చాను.

ఆ మూడింటిలో ఒకటే మా వాకిట్లోకి తిరిగి వచ్చింది. పోలీసాయన కాజాను తిరగేసి చూపించాడు. "గీ ముడి ఎవలేసిండ్రు? ఇక్కడ ఏ దర్జీ గిట్ల ముడెయ్యడు" అన్నాడు.

"నేనే సార్. నా చెయ్యే గట్ల" అన్నాడు మా ఆయన. ఆ తర్వాతే నన్ను లోపలికి పొమ్మన్నాడు.

పోలీసులు ఆయనను పట్టుకుపోయారు. ఐదు రోజులకు ఇంటికి వచ్చాడు. మాట పడిపోయింది. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ ముడి నాదని నువ్వు వాళ్ళకు ఎందుకు చెప్పలేదని అడుగుదామనుకునేదాన్ని. పక్కింటివాళ్ళు వింటారని నోరు మూసుకునేదాన్ని. పదకొండో రోజు పోయాడు. పాడె ఎత్తడానికి నలుగురు దొరికేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కుట్టడానికి గుడ్డలు ఇచ్చినవాళ్ళు దినాలు కాకముందే వచ్చి, కత్తిరించినవి కత్తిరించినట్టే తీసుకుపోయారు. ఎవరూ కూర్చోలేదు. ఏమైందని అడగలేదు.

వచ్చి కూర్చున్నది ఆ గుమస్తా ఒక్కడే.

"మిషను సర్కారుది కదమ్మా. నీ పేరు మీద చెయ్యాల్నంటే నీకు పని అస్తదని చూపెట్టాలె. జగిత్యాలల పరీక్ష పెడ్తున్నరు. పాసయితే మిషను నీకే ఉంటది. నీ పేరు నేను రాసిన, పో."

పోయాను. ఒక బడి గదిలో మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు. కుట్టు నేర్పే మేడం ఒకామె నా దగ్గరికి వచ్చింది.

"నీకేమస్తదమ్మా?"

"కాజాలు."

తెల్లగుడ్డ ముక్క ఇచ్చింది. దాని మూలకు నా పేరు రాసిన చీటీ గుచ్చి ఉంది.

"ఈ గుడ్డ ఏడికి పోతది మేడం?"

"ఫైల్ల పెడ్తరు. పెద్దాఫీసుకు పోతది."

కుట్టడం మొదలుపెట్టాను. కాజా చివరికి రాగానే చెయ్యి ముడి వెయ్యబోయింది. ఆగిపోయాను. ఆ ముడి తనదని చెప్పి ఆయన పడరాని బాధ పడ్డాడు. ఇప్పుడు అదే ముడి నా పేరు చీటీ పక్కన సర్కారు కాగితాల్లో ఉంటే ఆయన మాట అబద్ధమవుతుంది. అట్లా అనుకున్నాను. భయం కూడా ఉంది, లేదని చెప్పను. రెండింటిలో ఏది ఎక్కువో ఇన్నేళ్ళకూ నాకు తెలియదు. కుట్టినదంతా పీకేసి, కొత్తగా నేర్చుకునే పిల్లలా వంకరటింకరగా కుట్టాను.

మేడం గుడ్డను చూసింది, నా వేళ్ళను చూసింది. "సూది పట్టుకున్న తీరు చూస్తే పనిమంతురాలివే. గిదేందమ్మా ఇట్ల?"

"కండ్లు ఆనుతలేవు మేడం."

"మల్లొక్కటి కుట్టు. నేను ఆగుత."

"వద్దు మేడం."

ఆమె కాగితం మీద ఏదో రాసి వెళ్ళిపోయింది.

మిషను తీసుకుపోవడానికి గుమస్తానే వచ్చాడు. నా ముందు కూర్చుని, మా ఇంట్లో బాగు చేయించుకున్న ప్యాంటు నడుము దగ్గరి కాజా మీద, ముడి ఉన్న చోట వేలు పెట్టాడు.

"ఇది ఎవలు కుట్టిండ్రమ్మా?"

"ఆయననే" అన్నాను.

ఆ ముడి నాదేనని గుమస్తాకు తెలిసిపోయింది. మొహంలోనే కనిపించింది. అంగీని కిందికి లాగి ఆ కాజాను కప్పుకుని, రిక్షావాణ్ణి పిలిచాడు. ఆ తర్వాత ఎప్పుడూ మా గడప తొక్కలేదు. మిషను ఎవరికి ఇచ్చారో నేను అడగలేదు.

అప్పటి నుంచి బీడీలు చేసి బతికాను. పది మంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆకు చుట్టినా, నా మాటలు ఆకు గురించి, పొగాకు గురించే. సూది మళ్ళీ పట్టలేదు. రవిక చినిగితే పిన్ను పెట్టుకున్నాను. ఎవరైనా చూసి, నువ్వు దర్జీ పెండ్లానివి కదా అంటే, పని నాకు రాదు, అంతా ఆయనకే వచ్చు అనేదాన్ని. అనీ అనీ నాకే అది నిజంలా అయిపోయింది. చెల్లెలికి కూడా చెప్పలేదు.

ఇన్నేళ్ళూ ఇది నాలోనే తిరిగింది. ఇంకొకరి గొంతులో నేను ఎన్నడూ వినలేదు. రాసింది చదివి వినిపియ్యి బిడ్డా, మొదటికెల్లి. తొందర పడకు. ఆ ముడి నాదన్న కాడ గొంతు తగ్గియ్యకు.